మల్లరంగమున నాయకుడు, ప్రేక్షకుడు: జాన్ సీనా విషయమున ఒక రసవిచారము

ఒక నటుని ఒక రాత్రి చూచి ఆనందించుట వేరు. ఆ నటునే ఇరువది మూడేండ్లపాటు వారమువారము చూచుచు తానును పెరుగుట వేరు. మన ఆలంకారికులు రసస్వరూపమును గూర్చి చేసిన విచారము ప్రధానముగా మొదటి యనుభవమును గూర్చినది. వారి సహృదయుడు రంగమంటపమునకు వచ్చును. విభావాదులచే అతని స్థాయి ఉద్బుద్ధమగును. నాటకము ముగియగనే ఇంటికి బోవును. అతనికి హృదయము కలదు, వాసన కలదు, వయసు మాత్రము లేదు. ఒకే నాయకునియెడ ఒకే ప్రేక్షకుని భావము ఏండ్లు గడచినకొలది ఎట్లు మారును? ఆదరము ద్వేషముగను, ద్వేషము తిరిగి ఆదరముగను పరిణమించుటకు హేతువెయ్యది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమున ఉద్దేశము. ఇందులకై అమెరికా దేశపు వృత్తిమల్లప్రదర్శనమునందు 2002 నుండి 2025 వరకు నాయకస్థానము నధిష్ఠించిన జాన్ సీనా చరిత్రమును గ్రహించుచున్నాను.

సారస్వత పరిశోధన పత్రికలో కుస్తీని గూర్చి చర్చయేల యని కొందరు శంకింపవచ్చును. ఈ కుస్తీ క్రీడ కాదు, రూపకము. గెలుపోటములు ముందుగనే నిర్ణీతములు. ఈ వ్యాపారమును నడపు సంస్థవారే 1989లో న్యూజెర్సీ రాష్ట్ర శాసనసభ యెదుట తమది వినోదప్రదర్శనమే కాని నిజమైన పోటీ కాదని ఒప్పుకొనిరి. ఫ్రెంచి విమర్శకుడు రొలాఁ బార్త్ 1957లో వెలువరించిన ‘మితోలొజీ’ అను గ్రంథము మల్లప్రదర్శనమును గూర్చిన వ్యాసముతోనే ఆరంభమగుచున్నది. భరతుడు వ్యాయోగమను రూపకభేదమును లక్షించుచు అందు యుద్ధముతోపాటు నియుద్ధమును, అనగా బాహుయుద్ధమును, చేర్చియున్నాడు. కావున ఇది మనకు పూర్తిగ పరాయి విషయము కాదు. బార్త్ విచారమును మన ఆలంకారికుల విచారమువలెనే ఒక రాత్రి ప్రదర్శనమునకు పరిమితమైనది. అచ్చట ఆగిన చర్చను మనము కొంత ముందునకు సాగింపవలసియున్నది.

1. నటుడు, పాత్రము

మన పద్యనాటకములందు నటుడు వేరు, పాత్రము వేరు. స్థానం నరసింహారావు సత్యభామగా ప్రవేశించినప్పుడు ప్రేక్షకులు సత్యభామను చూచిరి. స్థానమువారిని కూడ చూచిరి. పీసపాటి నరసింహమూర్తి కృష్ణపాత్రమున పద్యమెత్తుకొనగా ‘వన్స్‌మోర్’ అని కేకలు వేసినవారు మెచ్చినది నటుని గాత్రమును. కృష్ణుని రాయబారము ఆ కేకలవలన మారలేదు. ప్రేక్షకుని అభిప్రాయమునకు నటునియందే గాని కథయందు ప్రవేశము లేదు. మల్లరంగమున ఈ భేదము మిక్కిలి సన్నగిల్లినది. నటునికిని పాత్రమునకును పేరొక్కటే, దేహమొక్కటే. నటునికి గాయమైనచో పాత్రము రంగమునుండి తొలగును. నటునికి వయసు మీరినచో పాత్రమునకును వయసు మీరును. అంతకన్న ముఖ్యమైనది, ప్రేక్షకుని కేక ఇచ్చట కథలో భాగము. సభ ఎవనిని మెచ్చుచున్నది, ఎవనిని నిరసించుచున్నది అను విషయమును గమనించియే తరువాతి కథ అల్లబడును. కాబట్టి ఇచ్చటి ప్రేక్షకుడు సగము సామాజికుడు, సగము పాత్రధారి.

2. చరిత్రము

సీనా 1977 ఏప్రిల్ 23న మసాచుసెట్స్ రాష్ట్రమున జన్మించెను. 2002 జూన్ 27న టెలివిజన్ ప్రదర్శనమున కర్ట్ యాంగిల్‌తో తలపడి ఓడెను. ఆ సంవత్సరాంతమునకు ప్రాసలతో కూడిన ర్యాప్ పాటలతో ప్రతిపక్షిని ఎగతాళి చేయు దుష్టపాత్రమును ధరించెను. వేములవాడ భీమకవి పేర వ్యాప్తిలోనున్న తిట్టుకవితను ఎరిగిన మనకు ఆ వినోదము అపరిచితము కాదు. ఆ పాత్రము ద్వేషార్హముగ కల్పింపబడినది. సభ మాత్రము దానిని ప్రేమించినది. మరుసటి యేటికే అతనిని నాయకునిగా మార్పవలసివచ్చెను. 2005 ఏప్రిల్ 3న లాస్ ఏంజెలిస్‌లో జరిగిన ఇరువదియొకటవ రెసిల్‌మేనియా మహోత్సవమున ప్రధాన విజేతపట్టమును గైకొనెను.

దుష్టుడుగ నున్నప్పుడు ప్రేమింపబడినవాడు శిష్టుడైన పిమ్మట ద్వేషింపబడుట ఇచ్చటి విశేషము. ఎగతాళి పాటలు తగ్గెను. శ్రమ, విశ్వాసము, గౌరవము అను మూడు మాటలును, ఎన్నడును లొంగకుమను హితోక్తియు అతని ధ్వజములాయెను. అతడు ధీరోద్ధతుడుగ ప్రవేశించి ధీరోదాత్తుడుగ స్థిరపడెను. ధనికుడు దశరూపక వ్యాఖ్యానమున పరశురాముని ఉదాహరించి, అంగభూతులైన నాయకులకు అవస్థాభేదము తగునుగాని ప్రధాననాయకునకు తగదని చెప్పినాడు. సీనా సభ ఈ సూత్రమును చదివినది కాదు; అయినను ఆ దోషమును పసిగట్టినది. తాము వరించిన నాయకుని తీసికొనిపోయి, అదే ముఖముతో మరియొక నాయకుని తమకంటగట్టిరని పెద్దవయసు ప్రేక్షకులు భావించిరి. బాలురు మాత్రము ఈ రెండవవానినే మొదట చూచిరి గనుక వారికి ఏ మార్పును కానరాలేదు.

2006 జూన్ 11న న్యూయార్కు నగరమున హామర్‌స్టైన్ నాట్యశాలలో ఈ విరోధము పరాకాష్ఠ నందెను. సీనా గెలిచినచో అల్లరి చేయుదుమని బెదిరించు ఫలకమొకటి సభలో లేచినది. సీనా తన యంగీని విప్పి ప్రేక్షకులకు విసరగా వారు దానిని తిరిగి రంగముమీదికి విసరివైచిరి. అతడు మరల విసరెను. వారు మరల త్రిప్పికొట్టిరి.

3. సిద్ధియా? ఘాతమా?

నాట్యశాస్త్రమున ఇరువదియేడవ యధ్యాయము సిద్ధివిచారమునకు కేటాయింపబడినది. ప్రదర్శనము సఫలమైనదని తెలుపు ప్రేక్షక చేష్టలను భరతుడు మానుషసిద్ధి యనినాడు. చిరునవ్వు, అట్టహాసము, ‘సాధు’, ‘అహో’, ‘కష్టమ్’ అను పలుకులు వాఙ్మయసిద్ధులు. గగుర్పాటు, ఆసనమునుండి లేచుట, వస్త్రమును అంగుళీయకమును నటునకు విసరుట శారీరసిద్ధులు. అటులనే ప్రదర్శనమును చెరచు ఘాతములను కూడ చెప్పినాడు. ఈర్ష్యాద్వేషములు కలవారు కేకలు వేయుట, మట్టిబెడ్డలను గోమయమును విసరుట మొదలగునవి పరసముత్థములైన ఘాతములు.

న్యూయార్కు సభలో జరిగినదేమి? భరతుని కాలమున ప్రేక్షకుడు నటునకు వస్త్రము విసరెను. ఇచ్చట నటుడు ప్రేక్షకునకు వస్త్రము విసరగా ప్రేక్షకుడు తిరస్కరించెను. పైకి చూడగ ఇది ఘాతమే. కాని ఆ తిరస్కారమువలన ప్రదర్శనము చెడలేదు. ఆ రాత్రి ప్రదర్శనము నేటికిని జ్ఞాపకముండుటకు ఆ తిరస్కారమే కారణము. నటుడును దానిని వారించుటకు యత్నింపక మరల మరల విసరి దానిని పెంచినాడు. ఘాతరూపమున వచ్చిన సిద్ధి యని దీనిని వ్యవహరింపవచ్చునని నా యభిప్రాయము. తరువాత పదియేండ్లు సీనా రంగమునకు వచ్చినప్పుడెల్ల సభలో సగము అతనిని ఉత్సాహపరచుచు ఒక పాదమును, రెండవ సగము అతనిని నిందించుచు మరియొక పాదమును పలికెడివారు. పిల్లల సన్నని గొంతులు మొదటి పాదమును, పురుషుల బొంగురు గొంతులు రెండవ పాదమును అందుకొనెడివి. వారు తాళము తప్పలేదు. ద్వేషించువాడు తన వంతు వచ్చువరకు ఆగి, ప్రేమించువాని పాదము పూర్తియైన తరువాతనే తన పాదమును పలుకును. ఇట్టి క్రమము నిజమైన ఘాతమునకు ఉండదు.

మన వాఙ్మయమున నిందాస్తుతి ప్రసిద్ధము. కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకశతకమున శ్రీకాకుళాంధ్రదేవుని నిందించుచునే స్తుతించెను. అది తెలిసి చేసిన యలంకారము. కంచెర్ల గోపన్న చెరసాలలో రాముని దూరినది అట్టిది కాదు. అది నిజమైన బాధనుండి పుట్టిన నిజమైన కోపము. అయినను ఆ కోపమునకు ఆధారము వీడని బంధము. సీనాను దూషించిన ప్రేక్షకుడు పురుషోత్తమకవివలె చమత్కారి కాడు. ఈ ఒక్క యంశమున అతడు గోపన్నకు దగ్గర. నిజముగ ఉదాసీనుడైనవాడు చీటి కొనడు, గొంతు చించుకొనడు, చూచుట మానివేయును. అట్లు మానినవారిని గూర్చి ఈ వ్యాసమున ప్రసక్తి లేదు. మిగిలినవారి అసూయ, అమర్షము, నిర్వేదము అన్నియు వ్యభిచారిభావములే. వాని క్రింద నొక స్థాయి చెక్కుచెదరక యున్నది.

దీనికి నిదర్శనముగ నొక సంఘటనను చెప్పవచ్చును. 380 దినములు విజేతపట్టమును నిలుపుకొన్న పిమ్మట, 2007 అక్టోబరులో ఎదకండరము తెగి సీనా రంగమునకు దూరమాయెను. చాలకాలము రాడని యందరును నమ్మియుండగా 2008 జనవరి 27న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ముప్పదవ మల్లునిగా హఠాత్తుగ ప్రవేశించెను. అతనిని గట్టిగ దూషింప అలవాటుపడిన ఆ నగరపు సభ ఒక్కసారిగ లేచి జయధ్వానము చేసెను. కొన్ని క్షణములు గడచిన పిమ్మట తమ యలవాటు జ్ఞప్తికి వచ్చినదో యనునట్లు మరల నిరసించెను. అద్భుతము కలిగిన క్షణమున వ్యభిచారులు తొలగి స్థాయి బయటపడినది.

4. ప్రేక్షకుని మార్పునకు హేతువులు

ద్వేషమునకు మూడు హేతువులు కానవచ్చుచున్నవి. మొదటిది కథాగతము. అతడెన్ని దెబ్బలు తినినను తుదకు గెలుచునని ముందే తెలియును. అభినవగుప్తుడు పేర్కొన్న రసవిఘ్నములలో సంభావనావిరహము మొదటిది. అనగా జరుగుచున్నది జరుగదగినదని ప్రేక్షకునకు నమ్మకము కలుగకపోవుట. ఇది న్యాయమైన హేతువు. ఎదిరి మల్లుడు ప్రతిభావంతుడైనకొలది ఈ విఘ్నము బలపడెను. 2011 జూలై 17న షికాగో శివారున, ఆ నగరమువాడే యైన సీ.ఎమ్. పంక్ అతనిని ఓడించినప్పుడు సభ పొందిన సంతోషము, విఘ్నము తొలగినందువలని సంతోషము.

రెండవది కళాగతము. ప్రేక్షకుడు చూచుచు చూచుచు పట్టులను, వాని కూర్పును ఎరుగును. వ్యాకరణము నేర్చిన విద్యార్థికి కొంతకాలము ప్రతి పద్యమునందును దోషమే కనబడినట్లు, కొత్తగా పండితుడైన ప్రేక్షకునకు సీనా యైదారు పట్టులు పేదవిగ కనబడెను. 2015లో అమెరికా చాంపియన్ పట్టమును ధరించి, ప్రతివారమును ఎవరైనను వచ్చి తనతో తలపడవచ్చునని పిలిచి, యువమల్లులతో సుదీర్ఘములైన పోరులు చేసినప్పుడు ఈ యాక్షేపణకు చాలవరకు సమాధానము లభించెను.

మూడవది వయోగతము; విమర్శకులు దీనిని తక్కువగ పట్టించుకొనిరి. ఈ సందర్భమున స్వానుభవమును చెప్పుట క్షంతవ్యమని తలంచెదను. 2005 ప్రాంతమున నేను పాఠశాల విద్యార్థిని. మా యింట టెన్ స్పోర్ట్స్ చానెల్‌లో ఈ ప్రదర్శనములను నేనును నా తమ్ముడును కలిసి చూచెడివారము. ముఖము ముందు అరచేతిని ఆడించి నన్ను నీవు చూడజాలవని ఎగతాళి చేయు సీనా ముద్రను ఇద్దరమును బడిలో అనుకరించెడివారము. పదునాల్గు పదునైదేండ్లు వచ్చుసరికి నాకు సీనా యన్న అసహ్యము పుట్టినది. తమ్ముడు మాత్రము మానలేదు. గెలుపోటములు ముందే వ్రాసికొందురని నేను తెలిసికొన్న విషయమును వానికి చెప్పి వాని యానందమును చెరుపుటయందు నాకు ఆనందము కలిగెడిది. ఇప్పుడు ఆలోచింపగా, నేను ద్వేషించినది సీనాను కాదు. ఆయనను నమ్మిన నా బాల్యమును. అది ఇంకను నా ప్రక్కనే తమ్ముని రూపమున కూర్చుండియుండుట నాకు సహింపరానిదాయెను. అభినవగుప్తుడు నిజసుఖాదివివశీభావమని మరియొక విఘ్నమును చెప్పినాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు లోబడి రంగమును చూడలేకపోవుట. నా విమర్శయని నేననుకొన్నది చాలవరకు ఈ విఘ్నమే.

ఈ మూడు హేతువులను వేరుచేసి చూడనిచో విమర్శ పొరపాటుపడును. మొదటిదానికి కథకుడు, రెండవదానికి నటుడు, మూడవదానికి ప్రేక్షకుడు బాధ్యులు. నటుడు మూడింటి దండనమును తానొక్కడే యనుభవించెను.

5. కోరిక, దాని ఫలము

ద్వేషించిన ప్రేక్షకునికి రెండు కోరికలుండెడివి. అతడు ఘోరముగ ఓడవలెను. కానిచో తిరిగి దుష్టుడు కావలెను. రెండును నెరవేరినవి. వాని ఫలము పరిశీలింపదగినది.

2014 ఆగస్టు 17న లాస్ ఏంజెలిస్‌లో బ్రాక్ లెస్నర్ అతనిని పదునారుమారులు నడుమునుబట్టి ఎత్తి వెనుకకు పడవైచి ఓడించెను. ఆ పోరు కొంత సాగినంతనే కోరిన తృప్తికి మారుగా సభను నిశ్చేష్టత యావరించినది. లొంగని నాయకుడని విసిగినవారికి, అతడు లొంగకపోవుటలోని దైన్యము మొదటిసారి కానవచ్చెను. వీరము అచ్చట కరుణమునకు చోటిచ్చినది.

రెండవ కోరిక మరింత విచిత్రముగ ఫలించెను. 2020 ఏప్రిల్ 5న, మహమ్మారి కారణమున ప్రేక్షకులు లేకయే ప్రసారమైన ముప్పదియారవ రెసిల్‌మేనియాలో, బ్రే వయట్‌తో సీనా చేసిన ప్రదర్శనము పోరు కాదు. తన చరిత్రమును గూర్చిన స్వప్నదృశ్యము. జరుగని దుష్టపరిణామము అందు నీడవలె గోచరించెను. ప్రేక్షకుల చిరకాలవాంఛను గూర్చిన ప్రదర్శనము ప్రేక్షకులు లేని వేళ జరుగుట ఆశ్చర్యకరము. నిజమైన పరిణామము 2025లో వచ్చినది. 2024 జూలై 6న టొరాంటోలో తాను మరుసటి యేడు విరమింపనున్నట్లు సీనా ప్రకటించెను. అదే నగరమున 2025 మార్చి 1న కోడీ రోడ్స్‌ను కౌగిలించుకొని, ఆ కౌగిలిలోనే అధర్మముగ కొట్టెను. మార్చి 17న బ్రస్సెల్స్ నగరమున తన ద్రోహమునకు హేతువు ప్రేక్షకులేయని వారి మొగముమీదనే చెప్పెను. ఇన్నేండ్లు తనను నవ్వులపాలు చేసితిరనియు, మీతోడి బంధము తనను హింసించినదనియు దాని సారాంశము.

పరిశీలించినచో ఇచ్చట ప్రతినాయకస్థానము ప్రేక్షకునికి కట్టబెట్టబడినది. ఆ నేరారోపణమున సత్యము లేకపోలేదు. కాని ఆ పరిణామము నిలువలేదు. ఏప్రిల్ 20న లాస్ వేగస్‌లో పదునేడవసారి ప్రపంచవిజేతపట్టమును గెలుచుకొని, రిక్ ఫ్లెయర్ పదునారు పట్టముల లెక్కను మించెను. అయినను ఆ విజయము చప్పగ తోచెను. ఆగస్టు మొదటికే అతడు తిరిగి శిష్టుడాయెను. దీనికి కథాలోపమును కారణముగ చెప్పువారు కలరు. అది కొంత నిజమే. ముఖ్యకారణము వేరొకటి కలదు. 2010లో ఈ మార్పును కోరిన ప్రేక్షకుడు 2025లో లేడు. వీడ్కోలు చెప్పుటకు వచ్చినవానిని ద్వేషింపుమని ఆజ్ఞాపించుట కాలము తప్పిన రాగమును ఆలాపించుటవంటిది.

6. చివరి రాత్రి

2023 సెప్టెంబరు 8న హైదరాబాదులో గచ్చిబౌలి ఇండోర్ స్టేడియమున సీనా సేత్ రోలిన్స్‌తో కూడి పోరాడెను. ఆనాటి సభలో నేనును, తమ్ముడును ఉంటిమి. మాకు రెండు వరుసల ముందు కూర్చున్న బాలుడొకడు తండ్రి భుజమునెక్కి అరచేతి ముద్ర చూపుచుండెను. తమ్ముడు నావైపు తిరిగి, ‘అన్నయ్యా, నీ కేక వినబడుట లేదు’ అనెను. నేను కేకవేసితిని. అది ఏ పాదమని ఎవరును అడుగలేదు.

2025 డిసెంబరు 13న వాషింగ్టన్ నగరమున గుంథర్‌తో సీనా తన కడపటి పోరు పోరెను. గుంథర్ అతని మెడను బిగించెను. సీనా కొంతసేపు పెనుగులాడి, చిరునవ్వు నవ్వి, చేతితో తట్టి ఓటమి నొప్పుకొనెను. ఎన్నడును లొంగకుమని ఇరువదియేండ్లు బోధించినవాడు లొంగినాడు. సభ నిరసనధ్వనులతో మారుమ్రోగెను. ఒకనాడు అతని ఓటమికై కేకలువేసిన తరమే అతడు ఓడెనని కోపించినది. ఆ కోపము నటునిమీద కాదు, అట్లు వ్రాసినవారిమీద.

ఆ చిరునవ్వును కథకుని యపరాధమని కొందరందురు. నేను అట్లు తలంపను. ద్వేషించినవారి మొదటి యాక్షేపణ ఇతడెన్నడును లొంగడనియే కదా. చివరి రాత్రి ఆ యాక్షేపణకు తలయొగ్గి, వారు ఇక కోరని దానిని వారికిచ్చి నిష్క్రమించెను. ఆ దానము ఆలస్యముగ నందినందుననే అది గుండెను పట్టినది.

7. ఫలితార్థము

ఆలంకారికులు సహృదయుని వాసన జన్మాంతరాగతమనిరి. చిరకాలము సాగు ప్రదర్శనమున ఆ వాసన ఈ జన్మమునందే, ఆ ప్రదర్శనమువలననే, కొంతకు కొంత పోగగును. అందు ప్రేమ మాత్రమే కాక ద్వేషమును చేరును. నాటి ద్వేషము నేటి కరుణమునకు సంస్కారమైనది; దూషింపనివానికి ఈ చివరి రాత్రి ఇంత గాఢముగ తాకియుండదు. కాబట్టి ప్రేక్షకుని భావములు మారుట చాపల్యము కాదు. స్థాయి తన రూపమును తెలిసికొనుటకు వ్యభిచారులను ఒక్కొక్కదానిని దాటుచు వచ్చుటయే ఆ మార్పు. ఇది విమర్శకునకు కూడ వర్తించును. ఒక కవిని యౌవనమున నిరసించి, నడివయసున తిరిగి చదివి తలవంచినవారు మనలో లేకపోలేదు. అట్టి సమయమున మన పూర్వాభిప్రాయమును దాచుకొనుటకంటె, అందు కవి దోషమెంత, మన వయసు దోషమెంత యని లెక్కతేల్చుట మేలు. ఆ లెక్క చూపని విమర్శ ఎంత పాండిత్యము కలదైనను సగము విమర్శయే.